అంటించే చీటీలు



నోటుబుక్కుల మీద పేరు రాయడానికి మీరు కొట్లో స్టిక్కర్లు కొంటున్నారు కదూ? వెనక కాగితం ఒలిచి అంటిస్తే సరి! అలాంటి చీటీలను యంత్రంతో తయారు చేసే పద్ధతిని 1935లో అమెరికాలో స్టాంటన్ ఏవరీ అనే ఆయన ఏర్పాటు చేశాడు. అంతకు చాలా ముందు, 1840లో ఇంగ్లండులో వచ్చిన మొదటి తపాలా బిళ్ళకు వెనక జిగురు పూసి ఆరబెట్టేవారు. జనం దాన్ని తడిచేసి ఉత్తరం మీద అంటించేవారు. ఆ పాత రకం చీటీలను మనం ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇదంతా ఆటకే అనుకోకండి. నేను సైన్సు పాఠాలు చెప్పే రోజుల్లో ప్రయోగశాల సీసాలకు చీటీలు అంటించే పని నేనే చేశాను. తొందరలో దుమ్ము తుడవకుండా, మైదాపిండి ఉడికించి, దట్టంగా పులిమి అంటించాను. వేసవి సెలవుల తరవాత తలుపు తీసి చూస్తే చీటీలు సగం నేల మీద పడి ఉన్నాయి! రెండు సీసాల్లో తెల్లని పొడి ఉంది. ఒకటి మామూలు ఉప్పు, రెండోది లెడ్ నైట్రేట్ అనే విషం. ఏది ఏదో తెలియదు.

"ఉప్పేమో రుచి చూస్తానండీ, మాస్టారూ!" అంటూ ఒక కుర్రవాడు వేలు ముంచబోయాడు. నేను ఒక్క గెంతులో వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాను. వాడికి ఏమీ కాలేదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు వాడిది కాదు, నాది. మర్నాడు మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఇది:

ముందు తుమ్మబంక సంపాదించండి. తుమ్మచెట్టు బెరడుకు గాయమైన చోట కారి గట్టిపడే జిగురే ఇది. మూలికలు అమ్మే కొట్లో దొరుకుతుంది. దాన్ని నలగ్గొట్టి రెండు చెంచాల పొడి తీసుకోండి. నాలుగు చెంచాల గోరువెచ్చని నీళ్ళు పోసి, మూత పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే పలచటి గుడ్డలో వడగట్టి, అర చెంచా పంచదార కలపండి.

తరవాత ఒక తెల్ల కాగితం మీద మీకు కావలసిన బొమ్మలూ, పేర్లూ పెన్సిలుతోనో బాల్ పెన్నుతోనో వేసుకోండి. సిరా అయితే తడికి అలుక్కుపోతుంది. కాగితం తిరగేసి కుంచెతో జిగురు పలచగా పూయండి. నీడలో ఆరనివ్వండి. ఆరాక ఇంకొక పూత వేయండి. పూర్తిగా ఆరిన తరవాతనే చీటీలు కత్తిరించాలి. అంటించేటప్పుడు తడిగుడ్డతో వెనక అద్ది, ఒక నిమిషం వేలితో నొక్కి ఉంచితే చాలు. నాలుకతో మాత్రం తడిచేయకండి. చీటీ ఎక్కడెక్కడ పడి దొర్లిందో మనకేం తెలుసు?

పంచదార ఎందుకని అడుగుతారేమో. జిగురు ఆరుతూ ముడుచుకుంటుంది. తనతో పాటు కాగితాన్నీ లాగుతుంది. అందుకే చీటీ చుట్ట చుట్టుకుంటుంది. ఒక్కొక్కప్పుడు జిగురు పెళుసై పగులుతుంది కూడా. పంచదార కొంచెం తేమను పట్టి ఉంచి, జిగురును మెత్తగా ఉంచుతుంది. ఎక్కువ వేస్తే వానాకాలంలో చీటీలన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి! కనుక మూత ఉన్న డబ్బాలో దాచండి. నా మైదా జిగురు ఎందుకు ఊడిందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. దట్టమైన పూత ఎండి పగిలింది. పైగా అది సీసాను కాక, సీసా మీది దుమ్మును పట్టుకుంది.

ఇప్పుడొక పరీక్ష చేయండి. శుభ్రంగా కడిగి తుడిచిన గాజు గ్లాసు మీద ఒక నీటిచుక్క, ప్లాస్టిక్ డబ్బా మీద ఒకటి వేయండి. గాజు మీద చుక్క పరుచుకుంటుంది. ప్లాస్టిక్ మీద పూసలా నిలబడుతుంది. మన జిగురు నీళ్ళతో చేసినదే కదా! పరుచుకోలేని చోట అది గట్టిగా పట్టుకోలేదు. చెరొక చీటీ అంటించి, రెండు రోజుల తరవాత గోటితో లాగి చూడండి. అప్పుడు వంటింట్లో ఏ డబ్బాకు ఈ చీటీ పనికివస్తుందో, దేనికి పనికిరాదో మీరే అమ్మకు చెప్పగలరు.

అంటించిన చీటీ మీద కొవ్వొత్తి ముక్కతో మెల్లగా రుద్దితే కాస్త తడి తగిలినా పాడుకాదు.

చివరగా ఒక మాట. డబ్బాలో వస్తువు మారితే పాత చీటీ మీద కొత్తది అంటించకండి. కాసేపు నీళ్ళలో నానబెడితే ఈ చీటీ శుభ్రంగా ఊడివస్తుంది. అప్పుడు కొత్త చీటీ రాసి, దాని మీద తేదీ వేయండి. మందు సీసాలకు మాత్రం కొట్లో అంటించిన చీటీనే ఉంచండి, వాటి జోలికి పోకండి. చీటీ లేని సీసా ఇంట్లో ఎక్కడైనా కనబడితే మూత తీయవద్దు, వాసన చూడవద్దు. తిన్నగా తీసుకెళ్ళి పెద్దవాళ్ళకు చూపించండి.