ఈ గేమ్ లెక్కలోకి రాదు

ఓడిపోయినవాడు ముందు ముక్కల్ని తిడతాడు. తర్వాత కలిపినవాణ్ణి తిడతాడు. అదీ చాలకపోతే ఎదుటివాడి అదృష్టాన్ని తిడతాడు. తన కట్టలో తానే చేతులారా ఎక్కించిన ఆ మూడు పనికిమాలిన కార్డుల్ని మాత్రం ఒక్క మాట అనడు. పైగా ఎవరైనా అంటే ఊరుకోడు.

'మ్యాజిక్: ద గ్యాదరింగ్' ఆడేవాళ్ల సంగతి చెబుతున్నాను. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. ఇందులో ఎవరూ పేక పంచరు. ఎవరి కట్ట వాళ్లే కట్టుకుని వస్తారు. వేలాది కార్డుల్లోంచి కనీసం 60 ఏరుకోవాలి. మానా అనే శక్తినిచ్చే మామూలు ల్యాండ్ కార్డులు తప్ప ఏ కార్డయినా 4కి మించకూడదు. పక్కన మరో 15 కార్డుల సైడ్‌బోర్డ్ ఉంటుంది. మొదటి గేమ్ అయ్యాక దానిలోవి ఎక్కించి కట్టలోవి దించుకోవచ్చు. మూడింట రెండు గెలిచినవాడిదే మ్యాచ్. 1993లో ఈ ఆటను లోకం మీదికి వదిలిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణితంలో, అందులోనూ కాంబినేటరిక్స్‌లో, డాక్టరేట్ చేసిన మనిషి. అంత లెక్కల మనిషి చేసిన ఆట చివరికి ఎవరి చేతిలో పడింది? లెక్క అనే మాట వింటేనే ముఖం చిట్లించుకునేవాళ్ల చేతిలో.

నమ్మవా? ఏ శనివారం మధ్యాహ్నమైనా సరే, హైదరాబాదులోనైనా డల్లాస్‌లోనైనా సరే, 'టెస్టింగ్' అని పేరు పెట్టుకున్న బల్ల దగ్గర ఓ గంట నిలబడు. ఇద్దరు స్నేహితులు కూర్చుని ఉంటారు. ఒకడు కట్టలో కొత్తగా రెండు కార్డులు మార్చి వచ్చాడు. ఏడు తీశాడు. ఒక్కటే ల్యాండ్ వచ్చింది. టోర్నమెంటులోనైతే ఇంకో ఏడు తీసి, అందులో ఒకటి కట్ట అడుగున పెట్టి, ఆరుతో ఆట మొదలెట్టాలి. ఇక్కడ ఆ బాధ లేదు. 'ఊరికే ఇంకో ఏడు తీసుకోరా, ఆట చూద్దాం' అంటాడు ఎదుటివాడు, దానకర్ణుడి లెవల్లో. నాలుగో టర్నులో మనవాడు తొందరపడి ఒక జీవిని దాడికి పంపుతాడు. అది చస్తుంది. 'ఆగాగు, నేనది చెయ్యను, వెనక్కి తీసుకుంటున్నా.' తీసుకో నాయనా, ఎవడొద్దన్నాడు. ఏడో టర్ను దగ్గర్నుంచి వరసపెట్టి ల్యాండ్లే వచ్చి ఓడిపోతాడు. అప్పుడు వెలువడుతుంది మహావాక్యం: 'ఈ గేమ్ లెక్కలోకి రాదు, మళ్లీ కలుపు.'

అరగంట తర్వాత ఎదుటివాడు రెండే ల్యాండ్ల మీద ఇరుక్కుపోయి, చేతిలో ఏడు కార్డులు పట్టుకుని చూస్తూ చూస్తూ ఓడిపోతాడు. ఆ గేమ్ మాత్రం లెక్కలోకి వస్తుంది. ఎందుకు రాదు, గెలిచాడుగా!

సాయంత్రానికి ప్రకటన వెలువడుతుంది. ఏడు-మూడు, కొత్త కార్డు అదిరిపోయింది. అయ్యా, రెండు కట్టలూ సరిసమానమైనవైనా, నువ్వు మార్చిన కార్డు వల్ల వీసమెత్తు ప్రయోజనం లేకపోయినా, 10 గేముల్లో 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ గెలిచే అవకాశం 17 శాతం ఉంది. రూపాయి బిళ్ల ఎగరేసుకుంటూ కూర్చున్నా దాదాపు ఆరు సాయంత్రాల్లో ఒక సాయంత్రం నీ కార్డు 'అదిరిపోతుంది'. అదీ నువ్వు నిజాయితీగా ఆడితే! ఓడిన గేముల్ని చాప కిందికి తోసి, వెనక్కి తీసుకున్న ఎత్తులు కలుపుకుంటే, ఆ ఏడు-మూడుకి ఉన్న విలువెంతో నువ్వే చెప్పు.

ఇంకో అంకె విను. ఒక కార్డు నాలుగు పెడితే, మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటైనా కనిపించే అవకాశం 40 శాతం. మూడు పెడితే 31.5. ఒక్కటే పెడితే 12 కంటే తక్కువ. అంటే నువ్వు రాత్రంతా తల పట్టుకుని నాలుగోదాన్ని తీసేస్తే, మొదటి చేతుల్లో కనిపించే తేడా 100 గేముల్లో ఎనిమిదో తొమ్మిదో. ఆ తేడాని పది గేముల్లో 'ఫీల్' అయ్యానని చెప్పుకునే మహానుభావులున్నారు. వాళ్ల చెయ్యి ముక్క తాకగానే పోలిక పట్టేస్తుందట! ఎదుటివాడి తర్వాత ఆట మొదలెట్టినవాడు తన ఐదో టర్నుకి చూసేది సరిగ్గా 12 కార్డులు. 60లో ఒక్కటే పెట్టిన కార్డు అప్పటికి కనపడేది ఐదింట ఒకసారి. పది గేములాడినవాడు తన ముద్దుల కార్డు ముఖం చూసింది మహా అయితే రెండు మూడుసార్లు. అందులో ఒకసారి అది గేమ్ గెలిపించిందనుకో, ఆ కథ ఏడాదిపాటు వినాలి మనం.

'పరీక్షలో కాదు, టోర్నమెంటులోనే నిరూపించాను, నాలుగుకు నాలుగు గెలిచాను' అంటావు. చాలా సంతోషం. ఊళ్లో కొట్టులో 16 మంది కూర్చుని, గెలిచినవాడితో గెలిచినవాణ్ణి కూర్చోబెట్టే స్విస్ పద్ధతిలో నాలుగు రౌండ్లు ఆడి, ఏ మ్యాచూ డ్రా కాకపోతే, ఎవడో ఒకడు నాలుగుకు నాలుగు గెలవక తప్పదు. పదహారు మందీ కళ్లకు గంతలు కట్టుకుని ఆడినా ఒకడు గెలిచి తీరతాడు. ఆ ఒక్కడివి నువ్వయినందుకు నీ సైడ్‌బోర్డు శాస్త్రమైపోదు. వచ్చే వారం అదే కట్టతో ఒకటి గెలిచి మూడు ఓడితే అప్పుడేమంటావో నాకు తెలుసు. 'లక్కు లేదు.' గెలిస్తే నీ తెలివి, ఓడితే లక్కు.

ఈ లక్కు గోలలో ఇంకో రంగు కూడా ఉంది. పండక్కి ఇంటికెళ్తే బంధువులు 'పేకాట ఆడుతున్నావటగా' అని దెప్పుతారు. అప్పుడు మనవాడికి రోషం పొడుచుకొస్తుంది. 'పేకాట కాదు బాబాయ్, బుర్రతో ఆడే ఆట' అని ఉపన్యాసం. ఓడిన రాత్రి అదే నోటితో 'అంతా ముక్కల మహిమ' అంటాడు. ఏదో ఒకటి తేల్చుకో! సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో సుప్రీంకోర్టు 1967లోనే రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని తేల్చింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి అన్నది దానికి చూపిన కారణం. న్యాయమూర్తులు రమ్మీకి ఇచ్చిన గౌరవం నీ ఆటకు నువ్వివ్వలేకపోతున్నావు.

ఇక 'సొంత కట్ట' వాదుల దగ్గరికొద్దాం. వీళ్లు నాకు మరీ ఇష్టం. పెద్ద టోర్నమెంటులో గెలిచిన కట్టను ఎవరైనా తెచ్చి ఆడితే వీళ్ల కళ్లకు అతను దొంగ. తామేమో సృష్టికర్తలు. వీళ్లు పూజించే కులదైవం ఒకాయనున్నాడు. 1996లో అట్లాంటాలో, ప్రో టూర్ అనే పెద్ద టోర్నమెంటుకి అర్హత పోటీ జరిగింది. పాల్ స్లై అనే ఆటగాడు జనం డబ్బాల అడుగున పడేసే కార్డులతో రెండో స్థానం దాకా వెళ్లాడు. అందులో ఐరన్‌క్లా ఆర్క్స్ అని ఒక జీవి ఉంది. రెండు మానాకి వస్తుంది, బలం రెండు, ఓర్పు రెండు. తనంత బలమున్న జీవి ఎదురొస్తే అడ్డుపడలేని పిరికిది. అది చూసి అందరూ నవ్వారు. ఆ కట్ట మాత్రం ఆటను శాశ్వతంగా మార్చేసింది. మొదటి టర్నులో ఒకటి, రెండో టర్నులో రెండు, మూడులో మూడు, ఇలా ఏ టర్నులోనూ మానా మిగలకుండా వాడేలా, ఏ ధర కార్డులు ఎన్ని ఉండాలో లెక్క కట్టి పేర్చిన కట్ట అది. ఇవాళ ప్రతివాడూ నోరారా పలికే 'మానా కర్వ్' జనం నోళ్లలో పడింది దాని తర్వాతే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కట్ట ఆలోచన స్లైది కాదు. జే ష్నైడర్ అనే ఇంకొకాయనది. స్లై దాన్ని తీసుకెళ్లి ఆడాడు, పేరు ఆయనకు మిగిలింది. సొంత కట్టల సంఘం వారి కులదైవం ఇంకొకరి కట్ట ఆడినవాడు! కట్ట ఎవరిదన్నది ఆ బల్ల మీద ఎవడిక్కావాలి? అందులో ప్రతి కార్డూ ఎందుకుందో ఆడేవాడికి తెలుసా లేదా అన్నదే నాకు కావాలి. నకలు కొట్టేవాళ్లని నేను వెనకేసుకు రావడం లేదు, ఆ తొందరొద్దు. వాళ్ల యవ్వారం వేరే. ఛాంపియన్ కట్ట తెచ్చుకుంటారు, అందులోంచి 'నచ్చని' మూడు కార్డులు పీకేస్తారు, ఆ స్థానంలో తమ ఇంట్లో ఉన్నవి దూరుస్తారు, పేరు మారుస్తారు. ఆ మూడూ అక్కడెందుకున్నాయని ఒక్కసారైనా అడిగారా? డబ్బు పోసి కొన్న మెరుపుల కార్డు ఇంట్లో ఉంది కాబట్టి అది కట్టలోకి రావాల్సిందే. చోటు చాలకపోతే ఒక ల్యాండ్ తీసేస్తారు. అదీ మనసొప్పకపోతే 61 కార్డులతో ఆడతారు. ఏది తియ్యాలో తేల్చుకోలేని పిరికితనానికి 'వెరైటీ' అని పేరు.

సైడ్‌బోర్డు దగ్గర ఈ పిరికితనం ఇంకా బాగా బయటపడుతుంది. మ్యాచ్‌లో మొదటి గేమ్ ఒక్కటే మూల కట్టతో. రెండోదీ, ఉంటే మూడోదీ, మార్పుల తర్వాతవే. టోర్నమెంటు మొత్తమ్మీద చూస్తే సగం పైగా గేములు సైడ్‌బోర్డు ఎక్కాకే జరుగుతాయి. మరి మనవాళ్లు ఇంట్లో ఆడి చూసేదేమిటి? మొదటి గేమ్, మళ్లీ మొదటి గేమ్, మళ్లీ మొదటి గేమ్. ఏవి ఎక్కిస్తావని అడిగితే తడుముకోకుండా ఆరు కార్డుల పేర్లు చెబుతాడు. ఏ ఆరు దించుతావని అడుగు, నీళ్లు నములుతాడు. ఆ లెక్క గేముకి గేముకి మధ్య, జడ్జి గడియారం నడుస్తుండగా, చెమటలు కక్కుకుంటూ వేసుకుంటాడు. తన వేగాన్ని ఆపే నెమ్మది కార్డులు ఎక్కించి, వేగంగా గెలిపించేవాటినే దించుతాడు. దాడి చెయ్యాల్సిన కట్ట కాపలా కాస్తూ కూర్చుంటుంది. ఈ పాత్ర తారుమారు గురించి మైక్ ఫ్లోరెస్ 1999లోనే రాసి పెట్టాడు. చదివినవాళ్లు లక్షణంగా తలూపి, వెళ్లి అదే పని చేశారు.

ఇంత తిడుతున్నావు, జీతాలిచ్చి పరీక్షకుల్ని పెట్టుకున్న ఈ ఆట కంపెనీ సంగతేమిటి అంటావా? అడిగావు కాబట్టి విను. 2004 ఫిబ్రవరిలో వచ్చిన 'డార్క్‌స్టీల్' సెట్లో స్కల్‌క్లాంప్ అని ఒక పరికరం ఉంది. తగిలించిన జీవి చస్తే రెండు కార్డులు ఇస్తుంది. తయారీలో చివరికొచ్చాక అంకెలు మార్చి, తగిలించిన జీవికి బలం ఒకటి పెరిగేలా, ఓర్పు ఒకటి తగ్గేలా చేశారు. ఓర్పు ఒకటే ఉన్న చిన్న జీవి అది తగలగానే చస్తుంది. అంటే ఒక్క మానా పడేస్తే రెండు కార్డులు! కంపెనీలో ఎవరి కంటా సరిగ్గా పడని ఆ ఒక్క అంకె పోటీ బల్లల్ని ఏలింది. జూన్‌లో స్టాండర్డ్ అనే పోటీ విభాగం నుంచి దాన్ని నిషేధించారు. ఇరవై ఏళ్లు గడిచాయి, బుద్ధొచ్చిందా? 2024 జూన్‌లో 'నాదు, వింగ్డ్ విజ్డమ్' అనే కార్డు వచ్చింది. అదే నెలాఖరులో ఆమ్‌స్టర్‌డామ్ ప్రో టూర్‌లో సైమన్ నీల్సన్ నాదు కట్టతోనే గెలిచాడు. ఆగస్టు 26న మోడర్న్ అనే పోటీ విభాగంలో దానికి నిషేధం పడింది. రూపొందించిన మైఖేల్ మేజర్స్ ఆ కార్డును తుది రూపంలో ఆడి చూడలేదని అందరికీ తెలిసేలా రాశాడు.

అప్పుడు జనం ఎంత నవ్వారు! చివరి నిమిషంలో మార్చి, ఆడి చూడకుండా వదులుతారా అని ఎంత వేళాకోళం! ఆ నవ్విన నోళ్లన్నీ శుక్రవారం సాయంత్రం కొట్టు ముందు కారు దిగుతూ సైడ్‌బోర్డులో నాలుగు కార్డులు మార్చేవే. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మేజర్స్ తన పేరు కింద, తన సొంత మాటల్లో, ఇది మేం చూడలేదని చెప్పాడు. నువ్వు ఏ ఒక్క ఓటమి కిందైనా అలా సంతకం పెట్టావా?

'ఆటే కదా, ఇంత కోపమెందుకు?' ఈ ప్రశ్న వేసేవాడు సాధారణంగా నిన్ననే ప్రవేశ రుసుము కట్టి, కార్డులకు అంతకు పదింతలు పోసి, పొద్దున్నుంచి రాత్రి దాకా హాల్లో కూర్చుని వచ్చినవాడే. వారాల తరబడి శని ఆదివారాలు పెట్టే ఓపికుంది. తన లెక్క తాను నిజాయితీగా రాసుకోవడానికి పెన్ను ఎత్తే ఓపిక లేదు.

పెద్ద పనేం కాదు. కొత్త కార్డు స్థానంలో ఒక కాగితం ముక్క స్లీవ్‌లో పెట్టు. దాని మీద పాత కార్డు పేరూ కొత్త కార్డు పేరూ రెండూ రాయి. చేతికొచ్చిన ప్రతిసారీ, ఆడకముందే, ఈ క్షణంలో నాకు ఏది కావాలని నిన్ను నువ్వే అడుగు. కావాలనుకున్న పేరు కింద గీత గీయి. గెలిచావా ఓడావా అన్నది పక్కన పెట్టు. ఉచితంగా ఇంకో ఏడు తీసుకోవడాలు వద్దు, ఎత్తు వెనక్కి తీసుకోవడాలు వద్దు, ల్యాండ్లు ముంచెత్తిన గేమూ గేమే. మొదటి గేమ్ ఒకటి ఆడితే సైడ్‌బోర్డుతో రెండు ఆడు. ఎదుట కూర్చునేవాడు నీ స్నేహితుడు కాకపోతే ఇంకా మంచిది. నిన్ను ఓడిస్తే టీ తాగిస్తానని చెప్పి కూర్చోబెట్టు.

నన్ను తిడుతూ ఉత్తరం రాస్తావని తెలుసు. రాయి. మొదటి వాక్యంలో మాత్రం నీ గీతల లెక్క వెయ్యి, పాత కార్డు కింద ఎన్ని, కొత్త కార్డు కింద ఎన్ని. ఆ తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు, చివరిదాకా చదువుతాను. ఆ రెండు అంకెలు లేని ఉత్తరం రెండో వాక్యం దాకా కూడా చదవను.