అణు ప్రమాదం, పాడి పశువు: చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు వర్తించే ఒక ప్రశ్న

2004 డిసెంబరు 26న సునామీ అలలు కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రపు పంపుహౌసును ముంచెత్తాయి. నడుస్తున్న రియాక్టరును సురక్షితంగా నిలిపివేశారు, రేడియోధార్మికత వెలువడలేదు. ఆ కేంద్రానికి తిరుపతి, చిత్తూరు పట్టణాలు 150 కిలోమీటర్ల లోపే ఉన్నాయి. మన దేశంలో అణు కేంద్రం చుట్టూ అత్యవసర ప్రణాళిక 16 కిలోమీటర్ల పరిధికి ఉంటుంది. జనాన్ని తరలించడానికి ఆ పరిధి సరిపోవచ్చును గాని, పచ్చిగడ్డికి, పాలకు అది సరిహద్దు కాజాలదు.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో వెలువడిన అయోడిన్-131 గాలితో పయనించి పచ్చికపై పడినది. ఆవులు మేసినవి, పిల్లలు పాలు త్రాగినారు. తదుపరి రెండు దశాబ్దాలలో ఆనాటి బాలబాలికలలో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు నమోదయ్యాయి. వీటిలో గణనీయ భాగానికి కలుషితమైన పాలే కారణం. ఆ అయోడిన్ అర్ధాయువు 8 రోజులు మాత్రమే. అనగా, కొన్ని వారాలపాటు పశువులను మేతకు వదలక, కప్పి ఉంచిన ఎండుగడ్డి మేపి ఉన్నచో ఈ నష్టంలో అధిక భాగం తప్పేది. సీజియం-137 అట్లు కాదు. దాని అర్ధాయువు సుమారు 30 సంవత్సరాలు. ఎక్కడో వేల్స్ కొండలలోని గొర్రెలపై ఆంక్షలు 2012 వరకు కొనసాగినవి!

2011లో ఫుకుషిమా ప్రమాదం తరువాత జపాన్ శాస్త్రవేత్తలు పైమట్టిని తొలగించి, పొటాష్ ఎరువు వేసి వరిలోనికి సీజియం చేరికను తగ్గించారు. పొటాషియంను పోలిన మూలకం కనుక ఈ ఉపాయం ఫలించినది. బంకమట్టి స్వల్పంగా ఉండే మన ఎర్ర ఇసుక నేలలు సీజియంను గట్టిగా పట్టి ఉంచలేవు; పొటాష్ నిల్వల లెక్క ఇక్కడ మరింత ముఖ్యం. అక్కడ ప్రతి బియ్యపు బస్తాను పరీక్షించి, కిలోకు 100 బెక్వెరెల్ పరిమితికి లోబడినదని తేల్చినా కొనుగోలుదారులు చాలాకాలం వెనుకాడారు. మదనపల్లె టమాటాకు, చెన్నైకి వెళ్ళే పాలకు ఒక్క వదంతి చాలు.

కరవుకు, తుఫానుకు ప్రత్యామ్నాయ ప్రణాళికలు వ్రాసే విస్తరణ వ్యవస్థ ఈ విషయంలో మౌనం వహించడం సమంజసం కాదు. ప్రమాదం జరిగిన పిదప కొలిచిన అంకెను పోల్చి చూడడానికి నేడు మన మట్టిలో, మేతలో, పాలలో సహజంగా ఉన్న స్థాయి తెలియాలి. ఆ నమూనాల సేకరణను స్నాతకోత్తర విద్యార్థుల పరిశోధనాంశంగా చేపట్టవచ్చు. వేరుశనగ కట్టెను, వరిగడ్డిని టార్పాలిన్ క్రింద నిల్వ చేయమని రైతుకు చెప్పడానికి అణుశాస్త్రం అవసరం లేదు. వేసవి మేత కొరతకైనా అది అక్కరకు వస్తుంది.