లిస్టొచ్చిందా బాబూ?

అభిమాన హీరోకి అవార్డు రాలేదని అలిగి రెండు పూటలు అన్నం మానేసిన కుర్రాళ్ళని నేనెరుగుదును. ఇంట్లో మానేసి హోటల్లో తిన్నవాళ్ళనీ ఎరుగుదును. కాని అవార్డు మాట దేవుడెరుగు, పోటీకి ఎంపికైన నాటకాల లిస్టులో పేరు కనిపిస్తే చాలని ఊపిరి బిగబట్టుకు కూర్చునే అభిమానుల్ని మీరెప్పుడైనా చూసేరా? చూడకపోతే ఓసారి మా అనకాపల్లి రండి. టీ ఖర్చు నాది.

పోయినేడు దీపావళి ముందు సంగతి. బెల్లం మార్కెట్ దగ్గర నేను స్కూటర్ ఆపేనో లేదో, దిమ్మలు మోస్తున్నాయన ఒకాయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ, "ఏటి బాబూ, లిస్టొచ్చిందా?" అని అడిగేడు. రేషన్ లిస్టూ కాదు, ఓటర్ల లిస్టూ కాదు. ఓ పరిషత్తు వాళ్ళు పోటీకి ఎంపిక చేసే నాటికల లిస్టు. "ఇంకా లేదన్నా" అన్నాను. "వొస్తే కబురెట్టు" అని మళ్ళీ దిమ్మెత్తుకున్నాడు. ఆయన నాటకంలో వేషం వెయ్యడు. వేసేవాళ్ళెవరికీ చుట్టం కూడా కాదు. ఉత్త అభిమాని, అంతే.

నంది అనగానే మీకు గుర్తొచ్చేది సినిమా నంది. 1964లో మొదలైంది. మా ఊళ్ళో చదువుకున్న సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు 1986, 87, 88 వరసగా మూడేళ్ళు ఉత్తమ గేయరచయితగా ఆ నందిని ఇంటికి తోలుకెళ్ళేరని మేం ఇప్పటికీ ఛాతీలు విరుచుకుంటాం. ఆ నందికో తమ్ముడున్నాడు. 1998 నుంచి నాటకాలకీ నందులివ్వడం మొదలైంది. పద్య నాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక, కాలేజీ నాటిక అని అయిదు తరగతులు. వాటిలో బంగారు నంది, వెండి నంది, కంచు నంది. అయితే ఈ తమ్ముడుగారు పిలిచినప్పుడల్లా పలికే రకం కాదు. 2022 సంవత్సరపు నాటకోత్సవం 2023 డిసెంబరు 23 నుంచి 29 దాకా గుంటూరు శ్రీ వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగింది. అప్పుడు మన విశాఖ మీగడ రామలింగస్వామి గారికి ఎన్టీఆర్ రంగస్థల పురస్కారం అని తెలిసి, మావాళ్ళు సొంత మేనమామకి వచ్చినంత సంబరపడ్డారు. అదే ఉత్సవంలో కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బుకీ ఓ పురస్కారం దక్కింది. ఏ క్లబ్బు అది అంటారా? ఎస్వీ రంగారావు, అంజలీదేవి మద్రాసు రైలెక్కకముందు రంగు పూసుకున్న క్లబ్బు!

నంది వచ్చినా రాకపోయినా పరిషత్తులు ఉండనే ఉన్నాయి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. ఆ తరవాత ఊరూరా పరిషత్తులు పుట్టేయి. పరిషత్తంటే పోటీ. మనం ఎంట్రీ పంపుతాం. వాళ్ళు ముందుగా న్యాయనిర్ణేతల చేత చూపించి, వడగట్టి, లిస్టు ప్రకటిస్తారు. లిస్టులో ఉన్నవాళ్ళే ఆ ఊరు వెళ్ళి స్టేజీ ఎక్కుతారు. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటి, ఉత్తమ ప్రతినాయకుడు, ఆహార్యం, సంగీతం వగైరా బహుమతులన్నీ ఆ తరవాత మాట.

ఇక్కడే మీకొక రహస్యం చెప్పాలి. సినిమా పోతే మళ్ళీ వస్తుంది. 2022 ఆగస్టులో 'పోకిరి' మళ్ళీ హాళ్ళకొస్తే మీరు చింపిన కాగితం ముక్కలు నేనింకా మరిచిపోలేదు. నాటికకి ఆ యోగం లేదు. మూడు నెలలు ఆఫీసులు, దుకాణాలు కట్టేసి వచ్చి, రాత్రి పదకొండు దాకా రిహార్సలు చేసిన గంట నాటిక మహా అయితే అయిదు సార్లు ఆడుతుంది. తరవాత సెట్టు గోడలు ఎవరి డాబా మీదో ఎండకి ఎండుతాయి. లిస్టులో పేరుంటే ఇంకొక్కసారి ఆడుతుంది. మావాళ్ళ ఆశంతా ఆ ఒక్కసారి కోసం. షీల్డు కోసం అనుకునేరు, షీల్డులు పెట్టుకోడానికి ఇళ్ళల్లో చోటెక్కడిది?

న్యూయార్కులో బ్రాడ్వే అని నలభయ్యొక్క నాటకశాలలున్నాయి. వాటిలో ఆడే నాటకాలకి 1947 నుంచి టోనీ అవార్డులిస్తున్నారు. నామినేషన్లు ప్రకటించిన వారం అక్కడి అభిమానులకీ నిద్రుండదట. లిస్టులో పేరుంటే టికెట్లకి గిరాకీ పెరుగుతుంది, లేకపోతే కొన్ని నాటకాలు ఆ నెలలోనే మూటా ముల్లే సర్దుకుంటాయి. మనకి టికెట్టే లేదు కనక గిరాకీ గొడవ లేదు. పేరుంటే మాత్రం సెట్టు లారీకి అద్దె వెతుక్కోవాలి!

సరే, లిస్టు సంగతికొద్దాం. మా మాస్టారొకాయన ఉన్నారు. రిటైరైన బడిపంతులు. పేరు రాస్తే ఒప్పుకోరు. నలభయ్యేళ్ళుగా నాటకాలు ఆడిస్తున్నారు. ఈసారి ఆయన రాసుకున్నది చెరకు రైతు కథ. గానుగ దగ్గర మొదలై కాటా దగ్గర పూర్తవుతుంది. చచ్చేవాడు లేడు, తల్లిని వీధిలోకి నెట్టే కొడుకు లేడు. రిహార్సలు చూసి మాకు గుండె జారింది. ఈ మధ్య నాటికలో వృద్ధాశ్రమం లేకపోతే న్యాయనిర్ణేతకి కన్నీరు రాదని, కన్నీరు రాకపోతే మార్కు పడదని ఎవడో పుకారు పుట్టించేడు. అది పుకారో నిజమో గాని, నేను చూసిన నాటికల్లో సగం వృద్ధాశ్రమాల్లోనే జరిగేయి.

అందరం కలిసి మాస్టారి మీద పడ్డాం. "ఆఖర్ని ఆ ముసలాయన్ని ఆశ్రమంలో చేర్చెయ్యండి మాస్టారూ, ఒక్క సీనే కదా!" అన్నాం. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ సీను రాసి పట్టుకెళ్ళింది నేనే. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా రెండుసార్లు చదివేరు. "బాగానే రాసేవోయ్. ఏడుపొస్తోంది. కాని మనూళ్ళో ఆ ముసలాడు తూకం దగ్గర్నించి కదలడు. నేను కదల్చలేను" అని కాగితం మడిచి నా జేబులోనే పెట్టేరు.

న్యాయనిర్ణేతలు ముగ్గురొచ్చేరు. ఓ కల్యాణమండపం, పొద్దున్న పదకొండు గంటలు. కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేసేం. వాళ్ళు ముగ్గురూ ముందు వరసలో, అభిమానులం పధ్నాలుగుమందిమి గోడవార. మీరు సినిమాకెళ్తే తెర చూస్తారు. మేమా గంటా స్టేజీ చూడలేదు, ఆ ముగ్గురి పెన్నులు చూసేం. మొదటాయన రాస్తున్నాడు. రెండో ఆయన రాసి కొట్టేసేడు. ఏం కొట్టేసేడో! మూడో ఆయన సరిగ్గా కాటా సీను దగ్గర పెన్నుకి మూత పెట్టేసేడు. బాగా నచ్చి మూత పెట్టేడా, విసుగొచ్చి పెట్టేడా? ఆ మూత మీద మేం వారం రోజులు వాదించుకున్నాం. ఎస్వీ రంగారావు గారు 'కీర్తిశేషులు' నాటకంలో రావు గోపాలరావుని చూసి సినిమాకి సిఫారసు చేసేరంటారు. ఆ పూట ఆయన చేతిలో పెన్నుండి ఉండదు. ఉంటే ఆ అభిమానులకీ నిద్ర పట్టేది కాదు.

స్త్రీ పాత్రది ఇంకో కథ. ఆవిడ 35 కిలోమీటర్ల అవతల విశాఖ నుంచి బస్సులో వస్తుంది. మంచి నటి. అంత మంచి నటి కనకే అదే పరిషత్తుకి వెళ్ళిన నాటికల్లో ఇంకో మూడింట్లోనూ ఆవిడే! "ఉత్తమ నటి నాకే రావాలని మొక్కుకోండి, ఏ నాటికకో మాత్రం చెప్పకండి" అని నవ్వింది. ఒక్కో ప్రదర్శనకి ఆవిడకిచ్చే డబ్బుతోనే వాళ్ళ పిల్ల కాలేజీ ఫీజు కడుతోందని తరవాత తెలిసింది. లిస్టు కోసం మాకంటే ఆవిడే ఎక్కువ ఎదురుచూసి ఉంటుంది.

లిస్టు ఓ రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్లో వచ్చింది. పైనుంచి కిందకి చదివేను. కిందనుంచి పైకి చదివేను. మా ఊరి పేరు లేదు. ఆవిడ నాటికలు రెండున్నాయి. ముందు ఆవిడకి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పేను. మాస్టారింటికి వెళ్ళడానికి మాత్రం అరగంట పట్టింది, ఉన్నది రెండు వీధుల అవతలే అయినా. వెళ్ళేసరికి ఆయన పెసరట్టు తింటున్నారు. నా మొహం చూసి, "కూర్చో, నీకూ ఒకటి వేయిస్తాను" అన్నారు. నా జేబులో సీను కాగితం ఇంకా ఉంది. అది పెట్టి ఉంటే లిస్టులో ఉండేవాళ్ళమా? ఆ ప్రశ్న ఆయన్ని అడగలేదు. నన్ను నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. మర్నాడు మార్కెట్లో దిమ్మలు మోసే ఆయనకి చెబితే, "ఆళ్ళకి బెల్లం సంగతి తెలవదు బాబూ" అని వాళ్ళని క్షమించేసేడు.

జనవరి ఆఖర్లో గవరపాలెం గౌరీ పరమేశ్వరుల ఉత్సవమని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఊరు ఊరంతా రాత్రి తెల్లవార్లూ మేలుకునే ఉంటుంది. అక్కడ ఓ మూల స్టేజీ మీద మాస్టారి నాటికకి చోటు దొరికింది. తెర లేచేసరికి రాత్రి ఒంటిగంటన్నర. పక్క స్టేజీ మీద డాన్సు బేబీ డాన్సు. మైకులు ఒకదాని మీదొకటి కేకలేస్తున్నాయి. మొదటి పది నిమిషాలు మా డైలాగు మాకే వినపడలేదు. కాటా సీను వచ్చేసరికి చలికి తువ్వాళ్ళు చెవులకి చుట్టుకున్న రైతులు ఓ వందమంది ముందుకొచ్చి కూర్చున్నారు. తూకం వేసేవాడి వేషగాడు ముల్లు మీద వేలు పెట్టగానే వెనకనుంచి ఒకాయన లేచి, "సెయ్యి తియ్యరా!" అని కేకేసేడు. వేషగాడు బెదిరి నిజంగానే చెయ్యి తీసేసేడు. తరవాతి డైలాగు ఎగిరిపోయింది. మాస్టారు తెర వెనకనుంచి అందించి గట్టెక్కించేరు.

ఆట అయ్యేక ఓ పెద్దాయన స్టేజీ వెనక్కొచ్చి రైతు వేషగాడిని పట్టుకున్నాడు. మెచ్చుకుంటాడని మేం చుట్టూ మూగేం. "దిమ్మ అలాగెత్తరు బాబూ, నడుం ఇరిగిపోద్ది" అని, అట్టతో చేసిన దిమ్మని తనే భుజానికెత్తుకుని చూపించేడు. ఆ మర్నాటి నుంచి మాస్టారు వాడి చేత రోజూ అసలు దిమ్మే ఎత్తిస్తున్నారు. వాడు నడుంనొప్పి అంటున్నాడు.

మొన్న ఆదివారం కొత్త ఎంట్రీ ఫారం తెచ్చి నింపేం. నాటిక అదే, సీను కలపలేదు. రచన, దర్శకత్వం, సంగీతం, ఆహార్యం అన్నీ అయ్యేయి. స్త్రీ పాత్రధారిణి అన్న చోట ఖాళీ ఉంచేం. ఆవిడ ఇంకా డేట్లు చెప్పలేదు.