పాత ప్లగ్గును చూడకుండా పారేయకండి



పెన్షను వచ్చాక కొత్త కారు జోలికి పోకుండా, ఉన్న పాత మారుతి 800నే జాగ్రత్తగా నడుపుకునే పెద్దవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక మాట చెప్పాలని ఇది రాస్తున్నాను. స్పార్క్ ప్లగ్గులు, వాటి వైర్లు మార్చే పని వర్క్‌షాపుకు ఇవ్వకండి. ఇంటి ముందు మీరే చేసుకోండి. కూలి మిగులుతుందని కాదు, అది చిన్న సంగతి. ఊడదీసిన పాత ప్లగ్గు మీ చేతికి రావాలి. అదీ నా వాదం.

నేను రైల్వేలో గుమాస్తాగా రిజిస్టర్లు రాసినవాణ్ణి. అక్కడ కొన్ని సామాన్లకు పాతది తిరిగి ఇస్తేనే కొత్తది ఇచ్చేవాళ్లం. అప్పుడు అది చాదస్తంలాగే కనబడుతుంది. కానీ పాతది ఎందుకు పాడైందో చూడకుండా కొత్తది బిగిస్తే, అదీ అలాగే పాడవుతుంది. కారుకూ ఇదే లెక్క.

ముందు ప్లగ్గు పని ఏమిటో చూద్దాం. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ 20,000 వోల్టుల దాకా, ఇంకా పైకి కూడా పెంచుతుంది. పాత బళ్లలో ఆ కరెంటు డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చి, లావుపాటి వైర్ల గుండా ఒక్కో ప్లగ్గుకూ పోతుంది. ప్లగ్గు కొసన ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా సందు ఉంటుంది. అక్కడ దూకే నిప్పురవ్వే పెట్రోలును అంటిస్తుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్గు 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు రవ్వ ఇవ్వాలి. ప్లగ్గు అరిగినా వైరు చిట్లినా వీటిలో కొన్ని తప్పిపోతాయి. బండి వణుకుతుంది, మేడు ఎక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కేటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిలో కాలని పెట్రోలు అందులోకి పోయి మండి, దాన్నే పాడుచేస్తుంది. అప్పుడు వందల్లో తీరే ఖర్చు వేలల్లోకి పోతుంది.

ఇప్పుడు ఊడదీసిన ప్లగ్గును చూడండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను బాగున్నట్టే. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా బండిని గుడికీ మార్కెట్టుకీ తప్ప దూరం తిప్పడం లేదు. నూనె జిడ్డుతో తడిగా ఉంటే ఇంజను ఆయిల్ లోపలికి దిగుతోంది. తెల్లగా మాడి బొబ్బలెక్కితే వేడి ఎక్కువైంది. మూడు ప్లగ్గుల్లో ఒకటే తేడాగా ఉంటే రోగం ఆ సిలిండరులో వెతకాలి. ఇంత సాక్ష్యం ఉన్న వస్తువు వర్క్‌షాపులో చెత్తబుట్టకు పోతుంది, మన చేతికి బిల్లు వస్తుంది.

మా వీధిలో ఒకాయన బండి ఐప్పసి వానలు మొదలైతే చాలు, పొద్దున్నే వణికేది. ఒకచోట కార్బురేటర్ విప్పారు, ఇంకోచోట పెట్రోలు పంపు మార్చారు. చివరికి చూస్తే ఒక వైరు తొడుగు చిట్లింది. తేమకు కరెంటు అక్కడే బయటికి దూకుతోంది. రాత్రి చీకట్లో ఇంజను నడుస్తుండగా బానెట్ ఎత్తి, ఏదీ ముట్టుకోకుండా దూరంగా నిలబడి చూస్తే నీలం రవ్వలు కనబడ్డాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం ఈ పరీక్షకు దగ్గరకు పోవద్దు.

పని కష్టం కాదు, కానీ క్రమం తప్పకూడదు. ఇంజను పూర్తిగా చల్లారాలి. హెడ్డు అల్యూమినియం, వేడిలో విప్పితే మర పోతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊదేయండి, లేకపోతే సిలిండరులో పడుతుంది. వైరును పట్టి లాగవద్దు, రబ్బరు టోపీని పట్టి కొంచెం తిప్పి తీయండి. ఒక వైరు, ఒక ప్లగ్గు మార్చి ముగించాకే రెండోదాని మీద చేయి వేయండి. అన్నీ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో తెలియక వరుస మారుతుంది. కొత్త ప్లగ్గు సందును బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్న కొలతతో సరిచూడండి. మొదట చేత్తోనే తిప్పాలి. బిగుతుగా తగిలితే మర వంకర పట్టినట్టు, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టండి. చేత్తో ఆగాక, వాషరు ఉన్న కొత్త ప్లగ్గుకు స్పానరుతో అర చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతుల చుట్టు చాలు. బలం చూపించే చోటు ఇది కాదు.

మెకానిక్ పొట్ట కొట్టమంటున్నావా అని అడుగుతారు. లేదు. ఆయన విద్యకు డబ్బు ఇవ్వాల్సిందే. జిడ్డు పట్టిన ప్లగ్గును కాగితంలో చుట్టి తీసుకుపోయి, "రెండో సిలిండరు ప్లగ్గు ఇలా వచ్చింది, చూడండి" అని చెబితే మంచి మెకానిక్ సంతోషిస్తాడు. ఆయనకు సగం పని తగ్గుతుంది. "ఏదో తేడాగా ఉంది, చూడు" అనే మాటకే బిల్లు పెరుగుతుంది.

అన్ని బళ్లకూ ఇది చెప్పను. కొత్త బళ్లలో ఈ వైర్లే లేవు, ప్రతి ప్లగ్గు మీదా ఒక కాయిల్ కూర్చుని ఉంటుంది. కొన్నింటిలో ప్లగ్గు చేరాలంటే పైభాగమంతా విప్పాలి. వారంటీలో ఉన్న బండిని కంపెనీకే వదిలేయండి. డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గే లేదు. వంగలేని నడుము, వణికే చేయి ఉన్నవాళ్లు ఇంట్లో పిల్లవాడి చేత చేయించి పక్కన కూర్చోండి.

నేను బడిలో చదివింది తమిళంలో, ఆఫీసులో రాసింది ఇంగ్లీషులో. ఏ భాషలోనైనా ప్లగ్గు ప్లగ్గే, అది చూపించే రంగు ఒకటే. మార్చిన రోజు తేదీ, కిలోమీటర్లు, ఒక్కో ప్లగ్గు రంగు ఒక నోటుబుక్కులో రాయండి. పాత ప్లగ్గులను సిలిండరు నంబరు రాసి ఒక డబ్బాలో దాచండి. వచ్చేసారి విప్పినప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంజను మెరుగైందో దిగజారిందో ఎవర్నీ అడగక్కర్లేదు.