లాగితే లావయ్యే పదార్థాలు

రబ్బరు పట్టీని సాగదీస్తే సన్నబడుతుంది. నిలువునా సాగిన వస్తువు అడ్డంగా ఎంత కుంచించుకుపోతుందో తెలిపే సంఖ్యను, ఒక ఫ్రెంచి గణితవేత్త పేరుమీదుగా, పాయిజాన్ నిష్పత్తి అంటారు. రబ్బరుకు అది సుమారు 0.5, ఉక్కుకు 0.3, సీసా బిరడాలు చేసే బెండుకు దాదాపు సున్న. అందుకే బెండు, నొక్కినా పక్కలకు ఉబ్బక, సీసా మూతిలో సులువుగా దిగుతుంది.

అన్ని దిక్కులా ఒకే గుణంగల పదార్థానికి ఈ నిష్పత్తి మైనస్ 1 వరకూ దిగవచ్చునని స్థితిస్థాపకతా సిద్ధాంతం ఏనాడో అనుమతించింది. అంటే, లాగితే లావెక్కే పదార్థానికి ప్రకృతి నియమాలలో నిషేధం లేదు. కనబడకపోవడం వేరు, అసాధ్యం కావడం వేరు గదా!

1987లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో రోడెరిక్ లేక్స్ దానిని చేసి చూపారు. ఆయన వాడినది మామూలు పాలియురెథేన్ స్పాంజి. దానిని మూడు దిక్కులా నొక్కి, అచ్చులో బంధించి, మెత్తబడేదాకా వేడిచేసి, ఆ బిగింపులోనే చల్లార్చారు. అంతే! లోపలి గదుల గోడలు లోనికి ముడుచుకుపోయాయి. లాగినప్పుడు ఆ ముడుతలు విచ్చుకొని పక్కలకు తోస్తాయి. ఆ స్పాంజి నిష్పత్తి మైనస్ 0.7. రహస్యం రసాయనంలో లేదు, అల్లికలో ఉంది. 1991 నుంచి వీటికి, 'పెరిగేది' అనే అర్థంగల గ్రీకు మాటనుబట్టి, ఆగ్జెటిక్ పదార్థాలనే పేరు స్థిరపడింది.

వీటి ప్రస్తావన రాగానే తూటాలనాపే కవచాల ముచ్చట మొదలవుతుంది. ఆ ఆశ నిరాధారమేమీ కాదు. దెబ్బ తగిలిన చోటికి చుట్టుపక్కల పదార్థం చేరుకొని గట్టిపడుతుంది. కాని గుల్లతనమే ఈ స్పాంజి గుణానికి మూలం. బరువు మోయవలసిన చోట అదే దాని బలహీనత. రంధ్రాలు లేకుండానే ఈ గుణం చూపే ద్రవస్ఫటిక రబ్బరును 2018లో లీడ్స్ విశ్వవిద్యాలయం ప్రకటించింది గాని, అది కవచం కావడానికి చాలా దూరం ఉంది.

దీని అసలు చోటు ఆసుపత్రి. ఆగ్జెటిక్ రేకును వంచితే గుర్రపు జీనులా గాక గుమ్మటంలా వంగుతుంది. మోకాలి పట్టీకీ, మంచం పట్టిన రోగి పరుపుకూ కావలసినది ఈ ఒదుగుదలే. పుండు వాచి కట్టును సాగదీస్తే, విచ్చుకున్న రంధ్రాలగుండా మందు దిగే కట్లను కూడా పరిశోధకులు ప్రతిపాదించారు. అయితే 2016లో ఈ అల్లిక అంగడికెక్కినది నైకీ సంస్థవారి పరుగు బూట్ల అడుగున! బూటును తప్పుపట్టనక్కరలేదు గాని, వరుస తారుమారయింది. దళసరి స్పాంజి దిమ్మెలో వేడి నడిమి వరకూ సమంగా పాకదు. అందుచేత పరుపంత దిమ్మెను ఒకే తీరుగా తయారుచేయడం కష్టం. పరిశోధన ధనం ముందుగా వెచ్చించవలసినది ఈ చిక్కు మీద.