పురిటి బిడ్డల వినికిడి పరీక్షపై రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల గౌరవ మంత్రులకు, ఉన్నతాధికారులకు,

పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఖర్చును ప్రభుత్వమే భరించే పద్ధతి ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద మొదలై, విభజన తరువాత కూడా రెండు చోట్లా కొనసాగడం మెచ్చుకోదగిన విషయమే. అయితే లక్షల రూపాయల ఆపరేషన్‌కు డబ్బు కేటాయించిన వ్యవస్థ, బిడ్డకు వినపడదన్న సంగతిని కనిపెట్టే పనిని మాత్రం చాలావరకు తల్లికి, నాయనమ్మకు వదిలేసింది కనుక, చికిత్స సిద్ధంగా ఉన్నా బిడ్డ దాని దగ్గరికి రెండు మూడేళ్లు ఆలస్యంగా చేరుతున్న సందర్భాలు తక్కువ కాదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయినా, కాన్పు జరిగిన చోటనే, బిడ్డ ఇంటికి వెళ్లకముందే చెవి పరీక్ష జరగాలని, మొదటిసారి తేలని బిడ్డ రెండో పరీక్షకు తప్పిపోకుండా చూసే బాధ్యత కుటుంబానిది కాక శాఖదే కావాలని ఈ లేఖ కోరుతున్నది.

ఇంట్లో జరిగే పరీక్ష ఎందుకు చాలదో ముందుగా చెప్పుకోవాలి. చప్పట్లు కొట్టి, పళ్లెం మోగించి, బిడ్డ ఉలిక్కిపడితే వినపడుతున్నట్టేనని పెద్దలు తేల్చేస్తారు. కానీ గిన్నె కింద పడినప్పుడు నేల అదిరే అదురు ఒంటికి తెలుస్తుంది, చేయి కదిలిన నీడ కంటికి ఆనుతుంది. పైగా చెవుడు ఉన్న చాలామంది పిల్లలకు సెకనుకు తక్కువ కంపనాలు గల మొద్దు శబ్దాలు కొంతవరకు వినిపిస్తూనే ఉంటాయి కాబట్టి, డప్పు చప్పుడుకు తల తిప్పిన బిడ్డకు మాటలోని స, శ వంటి సన్నని ధ్వనులు అసలు చేరకపోవచ్చు. దీనికి తోడు వినపడని శిశువు కూడా మొదటి నెలల్లో అందరిలాగే ఊకొడుతుంది, కేరింతలు కొడుతుంది. ఆ తరువాత మాటలు రాకపోతే, మగపిల్లలకు ఆలస్యమేనని, వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గానీ మాట రాలేదని సర్దిచెప్పుకోవడంలో మరో ఏడాది గడిచిపోతుంది. తల్లిని తప్పుపట్టవలసింది ఇందులో ఏమీ లేదు. శబ్ద తీవ్రతను కొలిచే డెసిబెల్ లెక్కలో 40, 50 దగ్గర ఉన్న లోపాన్ని కంటితో పట్టడం పిల్లల వైద్యుడికైనా సాధ్యం కాదు.

చెవి నిర్మాణాన్ని గమనిస్తే పరీక్ష ఏ భాగాన్ని తడుముతుందో తెలుస్తుంది. చెవిదొప్ప పట్టిన శబ్దం నాళం గుండా పోయి కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలికను పాఠ్యపుస్తకాల్లో కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని చదువుకునే మూడు బుల్లి ఎముకలు లోపలి చెవి ద్రవానికి అందిస్తాయి. వీటిలో చివరిది సుమారు 3 మిల్లీమీటర్ల పొడవుతో శరీరంలోకెల్లా చిన్న ఎముక. గాలిలోని శబ్దం నేరుగా ద్రవం మీద పడితే దాని శక్తిలో వెయ్యో వంతు మాత్రమే లోపలికి పోయి తక్కినదంతా వెనక్కి మళ్లుతుంది గనుక, ఆ నష్టాన్ని పూడ్చడానికే మధ్య చెవి ఏర్పడింది: కర్ణభేరి వైశాల్యం లోపలి చెవి కిటికీ కంటే దాదాపు 17 రెట్లు ఉండడం వల్ల, ఎముకల మీట బలం కొంత తోడవడం వల్ల, పీడనం ఇరవై రెట్లకు పైగా పెరుగుతుంది. గుబిలి అడ్డుపడినా, కర్ణభేరికి చిల్లు పడి చీము కారుతున్నా, మధ్య చెవిలో జిగురు నీరు నిలిచినా ఈ దారిలోనే ఆటంకం కలుగుతుంది. వాహక లోపం అనే ఈ రకానికి మందుతోనో ఆపరేషన్‌తోనో చాలావరకు మరమ్మతు ఉంది.

పుట్టు చెవుడులో ఎక్కువ భాగం దీనికి అవతల, నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తంలో ఉంటుంది. అందులో లోపలి వరుసలో సుమారు 3,500, బయటి మూడు వరుసల్లో సుమారు 12,000 రోమ కణాలు ఉంటాయి. లోపలివి కంపనాన్ని నాడీ సంకేతంగా మారిస్తే, బయటివి తామే సాగుతూ ముడుచుకుంటూ సన్నని శబ్దాలను పెంచి ఇస్తాయి. మనిషిలో ఈ రోమ కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. జన్యు లోపాలు, గర్భిణికి సోకిన రుబెల్లా, మెదడు పొరల వాపు, జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్లు ఈ నష్టానికి తెలిసిన కారణాలు. మేనరికాలు ఇంకా గట్టిగా నిలిచి ఉన్న రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి గనుక, తల్లిదండ్రులిద్దరూ చక్కగా వింటున్నా బిడ్డకు చెవుడు వచ్చే జన్యు మార్గం ఇక్కడ మరింత తెరుచుకుని ఉందని శాఖ గుర్తించాలి.

బయటి రోమ కణాల కదలిక వల్ల చెవిలోంచే ఒక అతి సన్నని ధ్వని వెనక్కి వస్తుందని 1978లో డేవిడ్ కెంప్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చూపించాడు. ఆసుపత్రుల్లో ఓఏఈ అని పిలిచే పరీక్షకు ఆధారం ఇదే. మెత్తని కొన ఉన్న చిన్న గొట్టాన్ని నిద్రపోతున్న బిడ్డ చెవిలో అమర్చితే, అందులోని స్పీకరు శబ్దం పంపుతుంది, మైకు ఆ జవాబును పట్టుకుంటుంది, కొద్ది నిమిషాల్లో తెర మీద ‘పాస్’ అనో ‘రిఫర్’ అనో పడుతుంది. రిఫర్ అంటే చెవుడని అర్థం కాదు. పుట్టిన మొదటి రోజుల్లో చెవి నాళంలో మిగిలిన తెల్లని జిడ్డు, మధ్య చెవిలోని ద్రవం కూడా ఆ ఫలితాన్నే ఇస్తాయి. ఈ ఒక్క ముక్క తల్లికి విడమరిచి చెప్పకపోతే, ఆమె అయితే అనవసరంగా ఏడుస్తుంది, లేదా యంత్రం పనికిరానిదని మళ్లీ రాదు.

ఓఏఈకి ఒక గుడ్డి కోణం ఉంది. కర్ణావర్తం బాగుండి, అక్కడినుంచి మెదడుకు పోయే శ్రవణ నాడిలో లోపం ఉన్న బిడ్డ ఈ పరీక్షలో పాస్ అవుతుంది. నవజాత శిశు చికిత్స విభాగంలో రోజుల తరబడి ఉన్న, రక్తమార్పిడి దాకా వెళ్లిన కామెర్లు వచ్చిన శిశువులకు ఈ ప్రమాదం ఎక్కువ కాబట్టి, వారికి ఓఏఈతో సరిపెట్టకుండా బెరా పరీక్ష తప్పనిసరి చేయాలి. నుదుటి మీద, చెవుల వెనుక ఎలక్ట్రోడ్లు అతికించి, చెవిలో టిక్ టిక్ ధ్వనులు వినిపిస్తూ, వాటికి నాడి, మెదడు కాండం ఇచ్చే విద్యుత్ స్పందనల తరంగాలను గీసే పరీక్ష అది. బిడ్డ నిద్రలో ఉండాలి, గదిలో అలికిడి ఉండకూడదు. జనరేటర్ పక్క గదిలో, వార్డు తలుపు తెరిచి చేసిన బెరా నివేదికను నమ్ముకుని ఇంప్లాంట్ నిర్ణయం తీసుకోవడం ప్రమాదకరం.

పథకాలు లేక కాదు ఈ వెనుకబాటు. చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమం 2006-07లోనే వచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టు చెవుడును తన జాబితాలో చేర్చి, జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలకు దారి వేసింది. అలీ యావర్ జంగ్ పేరిట ముంబైలో ఉన్న జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. నెల లోపు పరీక్ష, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా వినికిడి యంత్రం అన్నది ప్రపంచమంతటా ఆమోదం పొందిన గడువు. మన దగ్గర తెగిపోతున్నది మొదటి పరీక్షకూ రెండో పరీక్షకూ మధ్య ఉన్న లంకె. పుట్టింట్లో పురుడు పోసుకున్న తల్లి, మూడో నెలలో అత్తింటికి మరో జిల్లాకు వెళ్లిపోతే, రిఫర్ చీటీ పుట్టింటి బీరువాలోనే ఉండిపోతుంది.

ఫలితాన్ని టీకాల వివరాల పక్కనే తల్లీబిడ్డల రక్షణ (ఎంసీపీ) కార్డు మీద రాయిస్తే, ఆరు వారాల టీకాకు బిడ్డ ఏ ఊళ్లో వచ్చినా ఏఎన్ఎం కంట అది పడుతుంది, రెండో పరీక్షకు తేదీ అక్కడే ఇవ్వవచ్చు. జిల్లా కేంద్రాల్లో ఆడియాలజిస్టు పోస్టులను ఖాళీగా ఉంచి పరీక్షా యంత్రాలు మాత్రం కొనడం వృథా. బిడ్డకు వినికిడి యంత్రం పెట్టిన తరువాత కూడా పని ఉంటుంది. శిశువు చెవి వేగంగా పెరుగుతుంది కాబట్టి, వినికిడి యంత్రాన్ని చెవిలో బిగించే అచ్చును మొదటి ఏడాదిలో పలుమార్లు మార్చాలి, లేకపోతే సందులోంచి శబ్దం బయటకు పొక్కి ఈల వేస్తుంది, తల్లి దాన్ని తీసి పక్కన పెడుతుంది. ఆ అచ్చులనూ, బ్యాటరీలనూ, ఇంప్లాంట్ తరువాత కావలసిన మాట శిక్షణనూ, విడిభాగాలనూ ఆపరేషన్ ఖర్చుతో సమానంగా పథకంలో చేర్చి, జిల్లా స్థాయిలోనే అందించే ఉత్తర్వును రెండు శాఖలూ జారీ చేయాలి.