ఆ సమావేశంలో పిల్లలకూ ఓ కుర్చీ

సదరం శిబిరంలో బిడ్డను వెంటబెట్టుకుని వరుసలో నిలబడ్డ తల్లికి చివరికి చేతికొచ్చేది ఒక వైకల్య శాతం. 40 దాటితే పింఛనుకు దారి దొరుకుతుంది, దాటకపోతే లేదు. పింఛనుకు ఆ అంకె కావాల్సిందే, కాదనను. చిక్కల్లా అదే కాగితం బడికీ వెళ్లడంలో ఉంది. ఆ పిల్లకు ఏది రాదో బడికి తెలుస్తుంది గానీ, ఏది బాగా వచ్చో ఆ కాగితం చెప్పదు.

అమెరికాలో అదీ చెప్పే కాగితం ఉంది. 1975లో వచ్చిన చట్టం ప్రకారం ప్రత్యేక విద్య అవసరమైన ప్రతి విద్యార్థికీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలి, ఏటా తిరగేసి చూడాలి. ఐఈపీ అంటారు దాన్ని. పిల్లల లోపాలతోపాటు బలాలనూ లెక్కలోకి తీసుకోవాలని 1997 సవరణ చెప్పింది. 16 ఏళ్లు నిండేసరికి చదువయ్యాక ఏం చేయాలన్నది ప్రణాళికలో చేరాలి. ఆ చర్చ జరిగే సమావేశానికి విద్యార్థిని కూడా పిలిచి తీరాలి. తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ టెక్సస్, న్యూజెర్సీల్లో ఈ పని 14 ఏళ్లకే మొదలవుతుంది.

పిలవడంతో ఆగని బళ్లూ ఉన్నాయి. అక్కడ సమావేశాన్ని విద్యార్థే నడుపుతాడు. నాకు ఇది బాగా వచ్చు, ఫలానా సాయం పనికొచ్చింది, ఫలానాది దండగ అని పెద్దల ముందు చెబుతాడు. అందుకోసం టీచరు అతనితో ముందు నుంచీ సాధన చేయిస్తారు. పెద్దలు మాట్లాడుతుంటే పిల్లలు నోరు మూసుకోవాలని పెంచే మన ఇళ్లలో ఇది మింగుడుపడని పద్ధతి.

దీని వెనక గట్టి కారణమే ఉంది. హైస్కూలు దాటగానే ఆ చట్టం రక్షణ ఆగిపోతుంది. అంతవరకూ పిల్లల అవసరాలు కనిపెట్టాల్సిన పూచీ బడిది. కాలేజీలో మాత్రం విద్యార్థే సంబంధిత కార్యాలయానికి వెళ్లి, తన వైకల్యం చెప్పి, కావాల్సిన సౌకర్యం అడగాలి. తన సంగతి తనకే తెలియని పిల్ల ఏమని అడుగుతుంది?

అయితే అమెరికా నుంచి తెచ్చుకోకూడనిదీ ఒకటుంది. "వీడు చూసి నేర్చుకునే రకం, ఆమె విని నేర్చుకునే రకం" అంటూ ముద్ర వేయడం. ఆ ముద్రను బట్టి బోధిస్తే చదువు మెరుగవుతుందనడానికి సరైన ఆధారాలు లేవని 2008లో పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వవేత్తలు పరిశోధనలన్నీ జల్లెడపట్టి తేల్చారు. అయినా ఆ నమ్మకం శిక్షణ తరగతులను వదల్లేదు. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు సాంఘికశాస్త్రం పాఠం వింటే బాగా అర్థం చేసుకుంటాడు, నిజమే. అక్కడ అక్షరం అడ్డు తొలగింది, అంతే. రేఖాగణితానికి అతనికీ బొమ్మ కావాల్సిందే. కాబట్టి పిల్లవాడు ఏ రకమని కాదు, ఏ పనికి ఏ సాయం కుదిరిందని అడగాలి.

అక్కడంతా సవ్యంగా ఉందనీ అనుకోనక్కర్లేదు. ప్రత్యేక విద్యకయ్యే అదనపు ఖర్చులో 40 శాతం దాకా భరిస్తానన్న ఫెడరల్ ప్రభుత్వం ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ మేరకు ఇవ్వలేదు. బలాల గడిలో "మర్యాదస్తుడు, నవ్వుతూ ఉంటాడు" అని రాసి సరిపెట్టడమూ ఉంది. నవ్వును పట్టుకుని పాఠం ఎలా చెప్పాలో ఏ టీచరుకు తెలుస్తుంది?

మనకూ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. అది గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ఐఈఆర్‌పీలనే ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు. బలాలు రాయడానికి కొత్త జీవో ఏమీ అక్కర్లేదు. పరీక్షలో విద్యార్థి చెబుతుంటే జవాబు రాసిపెట్టే స్క్రైబ్ సంగతే తీసుకోండి. ఏళ్ల తరబడి తంటాలు పడుతూ సొంతంగా రాసిన పిల్లకు పదో తరగతి పరీక్ష హాల్లో మొదటిసారి స్క్రైబ్‌ను పక్కన కూర్చోబెడితే, ఏం చెప్పాలో తెలిసీ తడబడుతుంది. జవాబును మనసులో పేర్చుకుని, ఎదుటివాళ్లు రాయగలిగే వేగంతో చెప్పడం కూడా ఒక విద్యే. ఎనిమిదో తరగతి నుంచే చిన్న పరీక్షల్లో ఒకసారి స్క్రైబ్‌తో, ఒకసారి అదనపు సమయంతో, ఒకసారి పెద్ద అక్షరాల ప్రశ్నపత్రంతో రాయించి, ఏది కుదిరిందో ఆమె చేతే నోటుబుక్కులో ఎక్కించాలి. రాయలేకపోతే చెప్పించి రాసుకోవాలి. పబ్లిక్ పరీక్షల దరఖాస్తు నింపే నాటికి ఏ సౌకర్యం కోరాలో హెడ్మాస్టరుకు ఆమే చెబుతుంది.